మార్గము చూపువాని మాట



వానకాలమున ఏరు నిండుగా పారునప్పుడు రేవులో నిలిచిన మనమందరము పడవవాని ముఖము వంక చూతుము. సంతకు పోవువాడును, పెండ్లికి పోవువాడును, కచేరీకి పోవువాడును అక్కడ సమానులే. "ఈ పూట వద్దు" అని అతడు చెప్పినయెడల ఎంత గొప్పవాడైనను గట్టున కూర్చుండవలసినదే. ఏటి సంగతి అతనికి తెలియును, మనకు తెలియదు. అయితే కూలి ఇచ్చువారము మేమే గనుక మా మాటయే సాగవలెనని ఎవడైన పట్టుపట్టినయెడల ఏమగును? ఐరోపా ఖండములోని ఒక కొండమీద జరిగిన సంగతి దీనికి జవాబు చెప్పుచున్నది.

ఫ్రాన్సు, ఇటలీ, స్విట్జర్లాండు దేశములు కలియుచోటికి సమీపమున ఆల్ప్సు పర్వతములలో మాంట్ బ్లాంక్ అను శిఖరము కలదు. ఆ పేరునకు తెల్లకొండ అని అర్థము. దాని ఎత్తు సుమారు 15,770 అడుగులు. ఎండకాలమందు సహితము దాని తలమీది మంచు కరగిపోదు. దాని పాదమున షామొనీ అను లోయ యున్నది. ఆ లోయలోని పేదలు పశువులను మేపుకొనుచు, కొండమేకలను వేటాడుచు, బండల సందులలో దొరకు స్ఫటికపు రాళ్లను ఏరి అమ్ముకొనుచు బ్రదికెడివారు.

1760వ సంవత్సరమున జెనీవా పట్టణపు పండితుడైన సోసూర్, ఆ శిఖరమునకు దారి కనుగొనినవారికి బహుమానమిత్తునని ప్రకటించెను. 1786 ఆగస్టు 8వ తేదీన స్ఫటికములు ఏరుకొను జాక్ బల్మా అనువాడును, ఆ ఊరి వైద్యుడైన పకార్ అనువాడును మొట్టమొదట శిఖరమును చేరిరి. మరుసటి యేట సోసూరే 18 మంది దారిచూపువారిని వెంటబెట్టుకొని ఎక్కెను. అది మొదలుకొని దూరదేశపు ధనికులు అక్కడికి రాసాగిరి. వారి మూటలు మోయుటయు, వారికి ముందు నడచుటయు ఆ లోయవారికి బ్రదుకుదెరువాయెను.

1820వ సంవత్సరము ఆగస్టు నెలలో రష్యా దేశపు పండితుడైన డాక్టరు హామెల్, ఆక్స్‌ఫర్డు నుండి వచ్చిన ఇద్దరు ఆంగ్లేయులు మొదలగువారితో కలిసి కొండ ఎక్కుటకు బయలుదేరెను. దారిచూపువారు వారికి ముందు నడచిరి. మంచు నడుమ పైకి పొడుచుకొని వచ్చిన ఒక బండలగుట్టమీద వారు రాత్రి బసచేసిరి. అక్కడ వాన, ఈదురుగాలి, మంచు వారిని నిలిపివేసెను. వాతావరణము తెరపి ఇచ్చినప్పుడు ముందుకు పోవుదమని హామెల్ కోరెను. దారిచూపువారికి అది ఇష్టము లేకపోయెను. ఏలయనగా గట్టిపడిన పాత మంచుమీద క్రొత్త మంచు కురిసినయెడల అది వెంటనే అతుకుకొనదు. ఏటవాలు నేలమీద నునుపైన పలకపై పోసిన పిండివలె నుండును. అడుగుల బరువు చాలును, అంతయు జారిపోవును. ఇది ఏ పుస్తకమును చూచి నేర్చినది కాదు, తండ్రితాతల నాటినుండి వారు నడచి నేర్చినది.

అప్పుడు హామెల్ వారిని పిరికివారని నిందించెనని తరువాత పలువురు వ్రాసిరి. ఏ మాట పలికినను, పలుకకున్నను, చివరకు కూలి తీసికొనువారు కూలి ఇచ్చువారి యిష్టమునకు లోబడిరి. ఆగస్టు 20వ తేదీన వారు వరుసగా ఒక మంచువాలును అడ్డముగా దాటుచుండగా క్రొత్త మంచు కదలి వారిని ఈడ్చుకొనిపోయెను. క్రింద లోతైన మంచుబీట నోరు తెరచియుండెను. కొందరు ఎట్లో బయటపడిరి. పియెర్ బల్మా, పియెర్ కారియే, ఆగుస్త్ తైరా అను ముగ్గురు మాత్రము పైకి రాలేదు. ఈ ముగ్గురును దారిచూపువారే. యాత్రికులందరు ప్రాణముతో దిగివచ్చిరి.

చదువరీ, ఇక్కడ ఒక్క నిమిషము ఆగుము. తెగింపు ఒకనిది, నష్టము మరియొకనిది. లోకములో ఎన్ని చోట్ల ఇట్లు జరుగుచున్నది!

కొండమీది మంచు కదలకుండ ఉండునని మనమనుకొందుము గాని, అది నదివలెనే మిక్కిలి మెల్లగా క్రిందికి పారుచుండును. స్కాట్లండు దేశపు శాస్త్రజ్ఞుడైన జేమ్స్ ఫోర్బ్స్ దాని నడకను కొలిచి, సుమారు 40 సంవత్సరములకు ఆ ముగ్గురి శరీరములు లోయలోనికి వచ్చునని చెప్పెను. అట్లే జరిగెను. 1861లో బోసన్ అను మంచునది చివర వారి ఎముకలు, బట్టపేలికలు, టోపీ, దారికొరకు వండి తీసికొనిపోయిన మాంసపు తొడయు బయటపడెను. ఆ దినమున బ్రదికి బయటపడిన కూటే అనువాడు అప్పటికి ముసలివాడు. 41 సంవత్సరముల తరువాత అతడు తన తోటివారి శేషములను కన్నులార చూచి గుర్తుపట్టెను. వారు చనిపోయిననాడు ఆ లోయ సార్డీనియా రాజుది. దొరికిననాటికి అది ఫ్రాన్సు దేశములో చేరి ఒక యేడాది యాయెను. రాజ్యము మారెను గాని మంచు తన లెక్క తప్పలేదు.

ఆ దుర్ఘటన వృథా కాలేదు. మరుసటి సంవత్సరము, అనగా 1821లో, షామొనీ దారిచూపువారు ఒక సంఘముగా కూడిరి. పని ఒక్కరికే పోక వరుసప్రకారము అందరికి దొరకునట్లు ఏర్పాటు చేసికొనిరి. కొండమీద చనిపోయినవారి కుటుంబములకై సహాయనిధి పెట్టుకొనిరి. విధవరాండ్రును తండ్రిలేని పిల్లలును ఇక దిక్కులేనివారు కాకూడదని వారి తలంపు. ఆ సంఘము నేటికిని నిలిచియున్నది. ప్రతి సంవత్సరము ఆగస్టు 15వ తేదీన, మనము స్వాతంత్ర్యదినము జరుపుకొను దినముననే, వారు పండుగ చేసికొని, తమ త్రాళ్లను మంచుగొడ్డళ్లను ఆశీర్వదింపజేసి, కొండమీద చనిపోయినవారి పేర్లు చదువుదురు.

నేడు ఆ కొండ చుట్టును మూడు దేశములగుండ సుమారు 105 మైళ్ల కాలిబాట కలదు. వీపున సంచి తగిలించుకొని దారిచూపువాని వెనుక సుమారు పది దినములు నడచువారు అనేకులు. ప్రొద్దున్నే బయలుదేరుదమని అతడు చెప్పిన బయలుదేరుదురు. మేఘము చూచి వెనుకకు మరలుదమని చెప్పిన మరలుదురు. శిఖరము రేపును అక్కడనే యుండునని వారెరుగుదురు.

మన ఊళ్లలో మంచుకొండలు లేవు. అయినను బావి త్రవ్వువాడు మన్ను జారునని చెప్పును. తాడిచెట్టు ఎక్కువాడు నేడు గాలి హెచ్చుగా నున్నదనును. పడవవాడు ఏరు పొంగునని చెప్పును. కూలి ఇచ్చుచేతిలో డబ్బు కలదు, కూలి తీసికొనువాని నోట తెలివి కలదు. వాడు "నేడు వద్దు" అనునప్పుడు వానిని పిరికివాడని పిలువక, ఆ ముగ్గురి పేర్లు జ్ఞాపకము చేసికొని గట్టున కూర్చుందము. ఒక దినపు పని పోయినను పోవునుగాక. సాయంత్రమునకు వాడు తన పిల్లలయొద్దకు తిరిగి వెళ్లును.