చుట్టల కార్ఖానాలో చదువరి: శ్రమ చరిత్రలో పఠన సమయం

ఈ పుస్తకాన్ని మీలో చాలామంది డ్యూటీ నుంచి వచ్చాకనో, బస్సులోనో, పిల్లలు పడుకున్నాకనో తెరుస్తారని నాకు తెలుసు. ఆదివారం సంపర్క తరగతుల్లో పాఠం కంటే ముందు నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "చదవడానికి టైము ఎక్కడిది సార్?" దీన్ని మన సొంత ఇబ్బందిగా, లేదా మన బద్ధకంగా అనుకుంటాం. కాని ఈ ప్రశ్నకు ఒక చరిత్ర ఉంది. పనిచేసే మనిషికి చదివే సమయం ఎలా దొరికింది? ఆ సమయానికి కూలి ఎవరు కట్టారు? ఒక ఉదాహరణను కొంచెం వివరంగా చూద్దాం.

పందొమ్మిదో శతాబ్దంలో క్యూబా స్పెయిన్ వలస రాజ్యం. దాని రాజధాని హవానా, సిగార్లకు, అంటే మన మాటల్లో చుట్టలకు, ప్రపంచమంతా పేరుపొందింది. (లంక పొగాకు చుట్టలు తెలిసిన మనకు ఈ పని మరీ కొత్తది కాదు.) కార్ఖానాలో పెద్ద హాలు, వరుసగా బల్లలు, ఒక్కొక్కరి చేతిలో ఆకు కోసే చిన్న కత్తి. యంత్రాల చప్పుడు లేదు. చేతులకు, కళ్ళకు తీరిక ఉండదు గాని చెవులు ఖాళీగా ఉంటాయి. కూలి మాత్రం చుట్టిన లెక్కను బట్టే. ఒక గంట పని ఆపితే ఆ గంట కూలి పోయినట్టే. అందువల్ల కార్మికుడు తనంతట తాను పుస్తకం పట్టుకోవడం అసాధ్యం. అక్షరాలు రానివారికి ఆ ఆలోచనే లేదు.

1865 అక్టోబరులో సతూర్నీనో మార్తీనెస్ అనే చుట్టల కార్మికుడు 'లా అరోరా' అనే వారపత్రిక ప్రారంభించాడు. కార్మికులకు చదువు అందాలన్నది ఆ పత్రిక వాదం. అదే సంవత్సరం డిసెంబరు 21న ఎల్ ఫిగరో అనే కార్ఖానాలో ఒక ఏర్పాటు మొదలైంది. కార్మికులు తమలో ఒకరిని చదువరిగా ఎన్నుకున్నారు. అతడు పని మాని గట్టిగా చదువుతుంటే తక్కినవారు చుట్టలు చుడుతూ వింటారు. చదివిన సమయంలో అతడు నష్టపోయే కూలిని అందరూ తలా కొంత వేసుకుని చెల్లిస్తారు. యజమాని ఇచ్చింది అనుమతి మాత్రమే, డబ్బు కాదు. ఈ తేడాను మీరు ప్రత్యేకంగా గమనించాలి. ఆ కార్మికులు చదివే సమయాన్ని తమ కూలితో కొనుక్కున్నారు.

కొద్ది వారాల్లోనే పార్తగాస్ కార్ఖానాలోనూ ఇది మొదలైంది. చదువరి కూర్చోవడానికి ఎత్తయిన వేదిక వచ్చింది. కాలక్రమంలో పొద్దున వార్తాపత్రికలు, ఆ తరువాత నవలలు చదవడం ఆనవాయితీ అయింది. ఏ నవల చదవాలో ఓటు వేసి తేల్చుకునేవారు. నచ్చిన ఘట్టం వస్తే కత్తులతో బల్లలను తట్టేవారు. అదే వారి చప్పట్లు.

1866 మే నెలలో వలస ప్రభుత్వం దీన్ని నిషేధించింది. పుస్తకాల, పత్రికల పఠనంతో, పనికి సంబంధం లేని చర్చలతో కార్మికుల ధ్యాస మళ్ళించరాదన్నది ఆ ఆజ్ఞ సారం. మా వృత్తిలో వారికి నిషేధాజ్ఞలంటే కొంచెం మక్కువ. దేన్ని నిషేధించారో అది అప్పటికే బాగా వ్యాపించిందని వాటివల్ల తెలుస్తుంది. ఆరు నెలలైనా నిండని ఒక అలవాటుకు ప్రభుత్వం భయపడిందంటే, కార్మికులు వింటున్నది కాలక్షేపం కథలు మాత్రమే కాదని అర్థం.

1868లో మొదలైన స్వాతంత్ర్య యుద్ధం వల్ల అనేకమంది చుట్టల కార్మికులు అమెరికాలోని ఫ్లోరిడాకు వలస వెళ్ళారు. వారితోపాటు చదువరీ కీ వెస్ట్, టాంపా పట్టణాలకు చేరాడు. క్యూబా స్వాతంత్ర్య నాయకుడు హోసె మార్తీ 1891లో టాంపాకు వచ్చి ఉపన్యసించినప్పుడు ఆయన మాట విన్నది ఇలా ఏళ్ళ తరబడి వినడం అలవాటైన కార్మికులే. ఉద్యమానికి తమ కూలిలోంచి చందాలిచ్చిందీ వారే. 1931లో టాంపా యజమానులు చదువరులను తొలగించారు. సమ్మె జరిగినా ఆ వేదికలు తిరిగి రాలేదు, రేడియో వచ్చింది. క్యూబాలో మాత్రం రేడియో వచ్చాక కూడా చదువరి మిగిలాడు.

ఇలాంటిదే మన పొరుగున కేరళలోని కన్నూరు బీడీ కార్ఖానాల్లోనూ ఉండేది. ఒకరు పత్రిక చదువుతుంటే ఆ మనిషి చుట్టాల్సిన బీడీలను తక్కినవారు చుట్టి లెక్క సరిచేసేవారు. ఇక్కడ చందా డబ్బు రూపంలో కాక బీడీల రూపంలో ఉంది. సూత్రం ఒకటే.

మరి తెలంగాణలో? నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో బీడీలు చుట్టేది ఎక్కువగా స్త్రీలు, అదీ ఇళ్ళలో. తునికాకు తెచ్చుకుని, చాట ఒళ్ళో పెట్టుకుని, వెయ్యి బీడీల లెక్కన కూలికి చుడతారు. ఉమ్మడి హాలు లేనప్పుడు ఉమ్మడి చదువరికి చోటెక్కడ? పని ఇళ్ళకు చెదిరిపోతే చదివే సమయం మళ్ళీ ఒంటరి మనిషి భారమవుతుందని నా అభిప్రాయం. దీనితో మీరు ఏకీభవించనక్కరలేదు. మీ ఊళ్ళో పరిశీలించి చూడండి.

నేను పాఠం చెప్పిన ఒక అధ్యయన కేంద్రానికి ఇద్దరు తోడికోడళ్ళు వచ్చేవారు. ఇద్దరూ బీడీలు చుట్టేవారే. ఇంట్లో ఒకరు పాఠం పైకి చదువుతుంటే ఇంకొకరు చుట్టేవారట. మరునాడు వంతు మారేది. సాయంత్రం ఆ బీడీలను చెరి సగం లెక్క వేసుకునేవారు. హవానా సంగతి చెబితే ఇద్దరూ నవ్వి ఊరుకున్నారు. వారు నన్ను అడిగింది వేరే: దీపం వెలుతురులో కనబడేలా పుస్తకంలో అక్షరాలు ఇంకాస్త పెద్దగా వేయించగలరా అని.