పుదుచ్చేరి నుండి పుంగనూరుకు

సముద్రతీరమున వెలసిన పుదుచ్చేరి పట్టణమునుండియే, పదునెనిమిదవ శతాబ్ద్యారంభమున ఫ్రెంచి జెస్యూట్ గురువులు 'కర్ణాటక మిషను' పేర పుంగనూరు మొదలగు తెలుగు సీమలకు ప్రయాణమైరి.

లోకాశలకు లొంగక దైవమునందే చిత్తము నిలుపవలెనని బైబిలునందు యోహాను తన మొదటి పత్రికలో చేసిన హెచ్చరికను, వైరాగ్యమును పూజించు ఈ దేశమున వాక్కుచేత గాక వర్తనచేతనే బోధింపవలెనని నిశ్చయించి, 1606లో మధుర చేరిన జెస్యూట్ గురువు రాబర్టో డి నోబిలి త్రొక్కిన త్రోవనే వారును అనుసరించి, మద్యమాంసములను విసర్జించి, కాషాయమును ధరించి, సన్న్యాసులవలె మితాహారులై జీవించిరి. వారిలో గాస్తోన్ కేర్దూ తెలుగు, సంస్కృతములను అభ్యసించి నిఘంటు రచనకు పూనుకొనుటయేగాక, సంస్కృతమునకు గ్రీకు, లాటిను భాషలతో గల బాంధవ్యమును 1767లో పారిసు పండితులకు లేఖామూలమున నివేదించెను.

అయితే దేశాచారములను ఇట్లు స్వీకరించుట వివాదాస్పదమయ్యెను. పోపు ప్రతినిధి తూర్నోన్ 1704లో పుదుచ్చేరియందే పెక్కు ఆచారములను నిషేధించెను. 1744లో పోపు పదునాల్గవ బెనెడిక్టు ఆ నిషేధమును స్థిరపరచెను. 1773లో జెస్యూట్ సంఘమే రద్దయ్యెను.

ఆచారములను గూర్చిన తీర్పు ఎట్లున్నను, నిరాడంబర జీవనమే ఆ గురువుల ప్రబలతమ ప్రబోధమని చరిత్ర యెఱిగినవారు అంగీకరింపక తప్పదు.