అత్రాఫ్-ఎ-బల్దా పల్లెల్లో ఇరుగుపొరుగు

దక్కన్ చరిత్ర అనగానే గోల్కొండ కోట, చార్మినార్, ఆసఫ్‌జాహీ దర్బారు మనస్సుకు వస్తాయి. ఆ రాజధానికి బియ్యం, పాలు, కట్టెలు, గడ్డి పంపిన చుట్టుపక్కల పల్లెల గురించి రాసినవారు తక్కువ. నవాబుల పేర్లు ఈ పల్లెలకు నిలిచాయి గాని, ఈ పల్లెల పేర్లు నవాబుల చరిత్రల్లోకి ఎక్కలేదు. తెలంగాణ ముస్లింల గతాన్ని తెలుసుకోగోరే వారికి ఇది చిన్న లోటు కాదు. ఎందుకంటే, పల్లెటూరి ముస్లిం ఎలా బ్రతికాడు, పొరుగువారితో అతనికి గల సంబంధం ఏమిటి అన్న ప్రశ్నలకు దర్బారు చరిత్రలో జవాబు దొరకదు.

హైదరాబాదుకు ఉత్తరాన మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతపు ఊళ్ల పేర్లు చూడండి. కుత్బుల్లాపూర్, హకీంపేట, షామీర్‌పేట, బహదూర్‌పల్లి ఒకవైపు. కొంపల్లి, దూలపల్లి, దుండిగల్, గుండ్లపోచంపల్లి మరొకవైపు. ‘బహదూర్’ అన్నది తురుష్క, మంగోలు భాషల నుండి ఫారసీ ద్వారా వచ్చి, బిరుదుగా స్థిరపడిన మాట. ‘పల్లి’ మన తెలుగు మాట. ఏ ఊరు ఎవరి పేరున వెలిసిందో చెప్పే కథలు ఎక్కడికక్కడ ఉంటాయి. వాటిని చరిత్రగా తీసుకోనక్కరలేదు. అయితే బిరుదు దర్బారు నుండి, పల్లె రైతు నుండి వచ్చి ఒకే పేరులో కలిశాయన్నది మాత్రం కంటికి కనిపించే సంగతే.

నిజాం పాలనలో రాజధాని చుట్టూ ఉన్న జిల్లాను అత్రాఫ్-ఎ-బల్దా అనేవారు. ‘నగర పరిసరాలు’ అని దాని అర్థం. మేడ్చల్ తాలూకా ఇందులోనిదే. ఈ జిల్లా భూములు ప్రధానంగా సర్ఫ్-ఎ-ఖాస్, అనగా నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన భూములు. ఇక్కడి శిస్తు రాజ్య ఖజానాకు గాక పాలకుని స్వంత ఖజానాకు చేరేది. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ రాజ్యంలో విలీనమైంది, అదే సంవత్సరం జాగీర్లు కూడా రద్దయ్యాయి. ఆ తర్వాత ఈ ఊళ్లు హైదరాబాదు జిల్లాలోకి, 1978లో రంగారెడ్డి జిల్లాలోకి, 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి మారుతూ వచ్చాయి.

‘ముస్లిం పాదుషా ఏలాడు కాబట్టి పల్లెలోని ముస్లిం కూడా ఏలికవాడే’ అనే భ్రమ చాలామందిలో ఉంది. మన వారిలోనూ కొందరికి అది తీపి జ్ఞాపకంలా ఉండటం విచారకరం. పల్లె ముస్లింలలో సర్కారు కొలువుమీద వచ్చిన జవాన్లు, అమీన్లు, ఆబ్కారీ సిబ్బంది కొందరు. మసీదు, ఆషూర్‌ఖానా సేవకు ఇనాం పొందిన ముల్లాలు, ముజావర్లు కొందరు. మిగిలినవారు చేతిపనివారు, కౌలు రైతులు, కూలీలు, చిల్లర వర్తకులు. దూది ఏకి పరుపులు, రజాయిలు కుట్టే దూదేకులవారు, కోతపని చేసే కసాయిలు, ఇల్లిల్లూ తిరిగే ఫకీర్లు ఈ చివరి వర్గంవారే. కొలువుదారు ఒక్కడి దర్జా చూసి, అందరి బ్రతుకూ అలాగే ఉండేదని అనుకోవడం పొరపాటు.

ఈ ప్రాంతపు జనజీవనాన్ని దగ్గరగా చూసి రాసిన గ్రంథం ఒకటి అదృష్టవశాత్తు మనకు ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న సామాజిక శాస్త్రవేత్త శ్యామాచరణ్ దూబే, 1951-52 ప్రాంతంలో నగరానికి సుమారు 25 మైళ్ల దూరంలోని షామీర్‌పేటను పరిశీలించాడు. విశ్వవిద్యాలయం చేపట్టిన గ్రామసేవా విస్తరణ పథకంలో భాగంగా ఈ పరిశీలన జరిగింది. ఫలితంగా 1955లో ‘ఇండియన్ విలేజ్’ వెలువడి, భారత గ్రామీణ సమాజంపై తొలి సమగ్ర గ్రంథాలలో ఒకటిగా పేరు తెచ్చుకుంది. అప్పుడు ఊరి జనాభా సుమారు 2,500, ముస్లింలు అల్పసంఖ్యాకులు. దూబే ముస్లింలను కులాల వరుస పక్కన నిలిచిన ఒక వర్గంగా చూశాడు. హిందూ ఆచారాలకు ఇచ్చినంత స్థలం ముస్లిం ఇంటిలోపలి జీవితానికి ఇవ్వలేదన్న కొరత ఆ గ్రంథంలో ఉంది. అయినా ఊరు అనేది ఎవరి పని వారు చేస్తేనే నిలిచే ఒక అల్లిక అని దానిని చదివినవారికి స్పష్టంగా తెలుస్తుంది.

ఆ అల్లిక ఎటువంటిదో చూద్దాం. కమ్మరి, వడ్ల, మంగలి, చాకలి వంటి వృత్తులవారికి రైతు పంట కాలంలో ధాన్యం కొలిచేవాడు. ముల్లాకు కూడా ఊళ్లో ఇటువంటి స్థానమే ఉండేది. తెలంగాణ పల్లెల్లో హిందువు ఇంట వేట కోసినా ముల్లాను పిలిపించి హలాల్ చేయించడం పరిపాటి. అందుకు అతనికి వంతు ముట్టేది. దీనివల్ల ఆ మాంసం ఊళ్లో అందరికీ పనికి వచ్చేది. మగ్రిబ్ నమాజు ముగిసే వేళకు మసీదు గుమ్మం ముందు పసిబిడ్డలను ఎత్తుకుని, చెంబులో నీళ్లు పట్టుకుని తల్లులు నిలబడేవారు. బయటికి వచ్చే నమాజీలు దుఆ చదివి ఊదేవారు. ఆ తల్లులలో హిందూ స్త్రీలే ఎక్కువ. ఈ దృశ్యం ఇప్పటికీ పూర్తిగా మాయం కాలేదు.

పెళ్లిళ్లలో భోజనం దగ్గర హద్దులు ఉండేవి. ఒకరి ఇంట వండినది తినని వారికి బియ్యం, పప్పు, నెయ్యి, కూరలు స్వయంపాకంగా ఇచ్చేవారు. ఈనాటి పాఠకునికి ఇది వివక్షగా తోచవచ్చు, కొంతవరకు వివక్షే. అయినా ‘నువ్వు నా ఇంట తినవు గనుక నిన్ను పిలవను’ అని ఎవరూ అనుకోలేదు. పిలుపు తప్పదు, రావడం తప్పదు. హద్దును దాటకుండానే మర్యాద నిలుపుకునే ఉపాయం అది. వరసలు పెట్టి పిలుచుకోవడం కూడా అటువంటిదే. మామ, అన్న, చిచ్చా, వదిన, ఖాలా అనే పిలుపులకు మతం అడ్డు రాలేదు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే ముస్లిం పిల్లవాడికి రెండు భాషల్లోనూ చుట్టాలు ఉండేవారు.

అందరి పనీ ఒకేచోట కనిపించే సందర్భం ముహర్రం. తెలుగువారు దీనిని పీర్ల పండుగ అంటారు. గోల్కొండ సుల్తాను ముహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590ల్లో బాద్షాహీ ఆషూర్‌ఖానాను నిర్మించిన నాటి నుండి రాజాదరణ పొందిన ఈ సంప్రదాయం, పల్లెలకు చేరేసరికి ఊరి స్వరూపాన్ని తెచ్చుకుంది. నెల పొడుపు కనబడగానే గుండం తవ్వడం, పెట్టెలో దాచిన పీర్లను బయటికి తీసి చింతపండుతో తోమడం, రంగురంగుల దట్టీలు కట్టడం, ఊదు వేయడం, కుడుకలు, మలీదా, షర్బత్ సమర్పించడం వరుసగా జరిగేవి. గుండం చుట్టూ రాత్రుళ్లు ఆడి పాడేవారు. పదవ నాడు పీర్లను సాగనంపేవారు. ఇందులో ముజావర్ పని ఒక వంతు మాత్రమే. డప్పు మాదిగలది, దివిటీ చాకలిది, గుండానికి కట్టెలు రైతులవి. చాలా ఊళ్లలో పీరును ఎత్తుకునే హక్కు కొన్ని హిందూ కుటుంబాలకు వంశపారంపర్యంగా ఉండేది. ముస్లిం ఇల్లు ఒక్కటీ లేని ఊళ్లలో కూడా పీర్లచావిడి ఉండటం తెలంగాణకు కొత్త కాదు.

షరీఅత్ దృష్టిలో ఈ ఆచారాలలో అభ్యంతరకరమైనవి ఉన్నాయని ఉలమా చాలాకాలంగా చెబుతూనే ఉన్నారు. పంజాలకు మొక్కడం, నిప్పుల్లో నడవడం కర్బలా అమరవీరుల స్మృతికి తగిన మార్గం కాదన్నది వారి వాదం. అది మతపరమైన తీర్పు, దాని స్థానం దానికి ఉంది. చరిత్రకారుడు చూడవలసింది వేరు. గుండం చుట్టూ చేరిన డప్పు, దివిటీ, కట్టెలు, పీరు నాలుగు ఇళ్ల నుండి వచ్చాయి. ఆ గుండం ఆరిపోతే, ఆ నాలుగు ఇళ్లనూ ఏడాదికొకసారి కలిపే వేరే పని ఊళ్లో ఏది మిగిలింది? సంస్కరణ కోరేవారు ఈ ప్రశ్నను తేలికగా దాటవేస్తున్నారేమో అనిపిస్తుంది. పొరుగువాని హక్కును ఇస్లాం ఎంత గట్టిగా చెప్పిందో వారికి తెలియనిది కాదు.

ఇబ్నె ఖల్దూన్ (1332–1406) తన ‘ముఖద్దిమా’లో, మనుషుల స్థితిగతుల్లోని తేడాలకు వారి జీవనోపాధి మార్గాలే కారణమని వివరించాడు. ఆ సూత్రం ఈ పల్లెలకు చక్కగా వర్తిస్తుంది. ఇక్కడి సఖ్యత ఉపన్యాసాల వల్ల పుట్టలేదు. ఒకరి పని లేనిదే మరొకరికి పూట గడవకపోవడం వల్ల పుట్టింది. దానిలో సమానత్వం లేదు. వెట్టి చేసిన వారికి ఆ రోజులు బంగారు రోజులు కావు. దేశ్‌ముఖ్, పటేలు, కొలువుదారుల ముందు చేతులు కట్టుకున్న మాదిగవాడూ, దూదేకులవాడూ ఒకే వరుసలో నిలిచారు.

ఈ సంబంధాలకు అగ్నిపరీక్ష 1948లో వచ్చింది. ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు సాగించిన దౌర్జన్యాలు గ్రామాలలో భయాన్ని నింపాయి. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించి, 17న నిజాం లొంగిపోయిన తర్వాత, అనేక జిల్లాలలో ప్రతీకారం అమాయక ముస్లింలపై పడింది. ఆ ఏడాది చివర పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీల బృందం సంస్థానంలోని 16 జిల్లాలలో 9 తిరిగి నివేదిక ఇచ్చింది. మృతుల సంఖ్య తక్కువలో తక్కువ 27,000 నుండి 40,000 వరకు ఉంటుందని ఆ బృందం అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అందరికంటే ఎక్కువ నష్టపోయాయి. దశాబ్దాలపాటు వెలుగు చూడని ఆ నివేదికలో మన విషయానికి సంబంధించిన ఒక సంగతి ఉంది. చాలాచోట్ల హిందువులు ముస్లిం పొరుగువారిని కాపాడారని, ఒకే వృత్తివారి మధ్య ఈ భావం మరింత బలంగా కనిపించిందని ఆ బృందం గమనించింది. ఒకచోట హిందూ నేతపనివారు ముస్లిం నేతపనివారిని కాపాడేందుకు ప్రాణాలు సైతం పోగొట్టుకున్నారు. మగ్గం కలిపిన బంధం అది.

ప్రాణభయం తగ్గిన తర్వాత వచ్చినది బ్రతుకుతెరువు కష్టం. కొలువులు పోయాయి. గ్రామాల నుండి ఎన్నో ముస్లిం కుటుంబాలు నగరానికి తరలిపోయాయి. ఉర్దూ చదివినవానికి కచేరీలో చోటు తగ్గింది. 1955లో తెలంగాణ ప్రాంతానికి ఇనాంల రద్దు చట్టం వచ్చింది. ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. మసీదు దీపం పెట్టినందుకు, ఖబరస్తాన్ కాపాడినందుకు, పీర్లను చూసుకున్నందుకు ఇచ్చిన భూములను మష్రూతుల్ ఖిద్‌మత్ అనేవారు. సేవ ఉంటేనే భూమి అని షరతు. ధార్మిక సంస్థల ఇనాంలకు చట్టం మొదట మినహాయింపు ఇచ్చినా, కాగితంపై భూమి సంస్థది, సాగులో ఉన్నది మరొకరు, సేవ చేసే మనిషి వలసపోయాడు అన్న పరిస్థితి ఎన్నో ఊళ్లలో ఏర్పడింది. ఎకరం ధర వందల్లో ఉన్నంతకాలం దీనివల్ల తగాదా రాలేదు. భూమి గజాల్లో అమ్ముడుపోయే రోజు వచ్చాకనే అసలు చిక్కు మొదలైంది.

మేడ్చల్ ప్రాంతంలో ఆ రోజు త్వరగానే వచ్చింది. 1970ల్లో జీడిమెట్ల పారిశ్రామికవాడ, 1971లో దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ వెలిశాయి. ఆ తర్వాత బహదూర్‌పల్లిలో సత్యం కంప్యూటర్స్ విశాలమైన ప్రాంగణం నిర్మించుకుంది. ఆ సంస్థ 2013లో టెక్ మహీంద్రాలో కలిసింది. 2018లో దుండిగల్ పురపాలక సంఘం ఏర్పడి బహదూర్‌పల్లి అందులో చేరింది. మిల్లు పరుపు వచ్చి ఏకుడువిల్లు మూలపడింది. ధాన్యం కొలిచే రైతు ప్లాటు అమ్మకందారు అయ్యాడు. ముల్లా మాంసం దుకాణంలో రోజువారీ డబ్బుకు పనిచేస్తున్నాడు. దూదేకులవారు చాలాకాలంగా వెనుకబడిన తరగతుల్లో బి-గ్రూపులో ఉండగా, 2007లో ఇ-గ్రూపు ఏర్పరచి మరికొన్ని ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. పాత వృత్తి పేరు ఇప్పుడు చేతిలోని పనిని కాక, సర్టిఫికెట్‌లోని గడిని సూచిస్తున్నది.

దూబే గ్రంథం వంటిది ప్రతి పల్లెకూ ఉండదు. మిగిలిన ఊళ్ల కథ సేత్వారుల్లో, ముంతఖబ్‌లలో, 1954-55 నాటి ఖాస్రా పహాణీలో ఉంది. ఏ గుండానికి ఎన్ని గుంటల భూమి, ఏ మసీదు దీపానికి ఎవరి సేవ, ఏ సర్వే నంబరులో ఖబరస్తాన్ అన్న వివరాలను వాటిలోనే వెతుక్కోవాలి. పాత సేత్వారులు, ముంతఖబ్‌లు ఉర్దూలో, అదీ గొలుసుకట్టు షికస్తా రాతలో ఉన్నాయి. వాటిని తడబడకుండా చదవగల వృద్ధులు ఏటేటా తగ్గిపోతున్నారు. ఆ భూముల కోసం కచేరీల చుట్టూ తిరుగుతున్న వారి మనుమలలో ఎక్కువమంది తెలుగులోనో ఇంగ్లీషులోనో చదువుకున్నవారు. తాతకు ఇచ్చిన సనదును వారు చదివించుకోవడానికి మరొకరి ఇంటి గడప ఎక్కవలసి వస్తున్నది.