డేవిడ్ మార్

డేవిడ్ మార్ (1945 జనవరి 19 – 1980 నవంబరు 17) బ్రిటన్‌కు చెందిన నాడీశాస్త్రవేత్త. మెదడు పనితీరును గణితంతో వివరించే గణన నాడీశాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకడు. పదిహేనేళ్లు కూడా నిండని అతని పరిశోధన ప్రభావం కంప్యూటర్ దృష్టి, మనోవిజ్ఞానం, భాషాశాస్త్రం, తత్వశాస్త్రాల దాకా పాకింది. అతను ప్రతిపాదించిన సిద్ధాంతాల్లో కొన్ని నిలబడలేదు. మెదడు గురించి ఏ ప్రశ్న ముందు అడగాలో చెప్పిన పద్ధతి మాత్రం నేటికీ వాడుకలో ఉంది.

చదువు, తొలి సిద్ధాంతాలు

మార్ ఇంగ్లండులోని ఎసెక్స్‌లో పుట్టాడు. కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీలో గణితం చదివి, తర్వాత శరీరధర్మ శాస్త్రవేత్త జైల్స్ బ్రిండ్లీ దగ్గర నాడీశాస్త్ర పరిశోధనకు మళ్లాడు. 1969–71 మధ్య చిన్నమెదడు, నియోకార్టెక్స్, హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగాలపై వరుసగా మూడు సైద్ధాంతిక పత్రాలు ప్రచురించాడు.

చిన్నమెదడు కణాల అమరిక అప్పటికే చాలావరకు తెలుసు. అక్కడి ఒక్కో పర్కింజీ కణాన్ని లక్షకు పైగా సమాంతర తంతువులు తాకుతాయి, పైకి పాకే తంతువు మాత్రం ఒక్కటే వస్తుంది. ఇంత వింతైన అమరిక ఎందుకన్న ప్రశ్నకు మార్ 1969లో జవాబిచ్చాడు. శరీర కదలికలను నేర్చుకునే యంత్రాంగం అదేననీ, పాకే తంతువు గురువులా సంకేతమిస్తే, అదే సమయంలో చురుగ్గా ఉన్న సమాంతర తంతువులకు పర్కింజీ కణంతో ఉన్న నాడీసంధులు (సినాప్సులు) బలపడతాయనీ అన్నాడు. 1971లో అమెరికా ఇంజనీరు జేమ్స్ ఆల్బస్ విడిగా ఇలాంటి సిద్ధాంతానికే వచ్చాడు. అయితే సంధులు బలపడవు, బలహీనపడతాయన్నది అతని వాదం. 1982లో జపాన్ నాడీశాస్త్రవేత్త మసావో ఇటో బృందం చేసిన ప్రయోగాలు ఆల్బస్ వైపే మొగ్గాయి. ఆల్బస్ తన నమూనాను రోబో చేతుల నియంత్రణకు వాడాడు.

దృష్టిపై పరిశోధన

1973లో కృత్రిమ మేధ పరిశోధకుడు మార్విన్ మిన్‌స్కీ ఆహ్వానంతో మార్ అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు వెళ్లి, అక్కడే స్థిరపడ్డాడు. కణాల అమరిక ఎంత తెలిసినా, ఆ కణాలు ఏ సమస్యను పరిష్కరిస్తున్నాయో తెలియకపోతే మెదడు అర్థం కాదన్న నిర్ణయానికి అప్పటికే వచ్చాడు. ఈకలను మాత్రమే పరిశీలించి పక్షి ఎగరడాన్ని అర్థం చేసుకోలేం, గాలి గతిశాస్త్రం తెలిస్తేనే ఈక ఆకారానికి కారణం తెలుస్తుందని అతను వివరించేవాడు.

తోటి పరిశోధకుడు టొమాసో పోజ్జోతో కలిసి, మెదడును అర్థం చేసుకునే ఈ పద్ధతిని మూడు స్థాయిలుగా రూపొందించాడు. ఏ పని, ఎందుకు జరుగుతోంది అన్నది మొదటిది. ఏ రూపంలో ఉన్న సమాచారంతో, ఏ పద్ధతిలో జరుగుతోంది అన్నది రెండోది. ఆ పద్ధతిని నాడీకణాలు లేదా యంత్రభాగాలు ఎలా అమలు చేస్తున్నాయన్నది మూడోది.

1976లో ఈ ఇద్దరూ రెండు కళ్లలో పడే బొమ్మల నుంచి దూరాన్ని లెక్కగట్టే పద్ధతి ప్రకటించారు. ఒక బిందువు ఒక సమయంలో ఒకే చోట ఉంటుంది, వస్తువుల ఉపరితలాలు చాలామేరకు తెగకుండా సాగుతాయి అన్న రెండు నియమాలే దానికి ఆధారం. 1980లో పరిశోధకురాలు ఎలెన్ హిల్‌డ్రెత్‌తో కలిసి బొమ్మలో అంచులను గుర్తించే సిద్ధాంతం వెలువరించాడు.

1977–78 శీతాకాలంలో మార్‌కు ల్యుకేమియా ఉన్నట్టు తేలింది. ఆ స్థితిలోనే ‘విజన్’ గ్రంథ రచన సాగించి, 35వ ఏట మరణించాడు. పుస్తకం 1982లో వెలువడింది. కళ్లకు అందిన బొమ్మలో మెదడు మొదట అంచులను, తర్వాత చూసేవారి వైపు నుంచి కనిపించే ఉపరితలాలను, చివరికి వస్తువు త్రిమితీయ ఆకారాన్ని రాబడుతుందని అందులో వాదించాడు.

ఇతర రంగాలపై ప్రభావం

కంప్యూటర్ దృష్టిలో అంచుల గుర్తింపు, జంటబొమ్మల నుంచి లోతు లెక్కింపు మీద వచ్చిన తర్వాతి పరిశోధనకు మార్ పత్రాలు ఆధారమయ్యాయి. ఆ రంగపు అంతర్జాతీయ సదస్సు ఐసీసీవీ ఉత్తమ పత్రానికి అతని పేరిటే బహుమతి ఇస్తోంది. మనోవిజ్ఞానంలో ఇర్వింగ్ బీడర్‌మన్ 1987లో ప్రకటించిన వస్తు గుర్తింపు సిద్ధాంతం మార్ త్రిమితీయ నమూనా బాటలోనే నడిచింది. చూసినదాన్ని మాటల్లో ఎలా చెప్పగలుగుతున్నామో వివరించడానికి భాషాశాస్త్రవేత్త రే జాకెండాఫ్ అదే నమూనాను ఉపయోగించాడు. మనసులోని భావాలకు అర్థం బయటి ప్రపంచంతో సంబంధం వల్లే వస్తుందనడానికి తత్వవేత్త టైలర్ బర్జ్ 1986లో మార్ సిద్ధాంతాన్ని ఉదాహరణగా తీసుకున్నాడు.

విమర్శలు

వస్తువులను గుర్తించడానికి పూర్తి త్రిమితీయ నమూనా అక్కర్లేదనీ, గతంలో చూసిన కోణాల జ్ఞాపకం చాలనీ తర్వాతి ప్రయోగకారులు కొందరు వాదించారు. 2012 తర్వాత ప్రాచుర్యంలోకి వచ్చిన లోతైన కృత్రిమ నాడీజాలాలు (డీప్ న్యూరల్ నెట్‌వర్క్‌లు) అంచులు, ఆకారాల వంటి మధ్యదశలను ఎవరూ రూపొందించకుండానే ఉదాహరణల నుంచి నేర్చుకుంటున్నాయి. మార్ పథకంలో నేర్చుకోవడానికి చోటు లేకపోవడం లోపమని ఒప్పుకున్న పోజ్జో, 2012లో మూడు స్థాయిలకు అభ్యసనాన్ని, జీవపరిణామాన్ని జోడించాలని ప్రతిపాదించాడు. ఇప్పుడు ఆ కృత్రిమ నాడీజాలాలే లోపల ఏ సమస్యను, ఏ పద్ధతిలో పరిష్కరిస్తున్నాయో తెలుసుకునేందుకు పరిశోధకులు మార్ స్థాయిలను ఆశ్రయిస్తున్నారు.