అడవివాగు నీటి రంగు చెప్పే చరిత్ర



కొత్తనీరు వచ్చి పాతనీటిని కొట్టుకుపోయిందని మన పెద్దలు సామెతగా అంటారు. ఆ కొత్తనీటిని ఒక గిన్నెలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే, మట్టి చాలావరకు అడుగుకు దిగుతుంది. అడవిలో నుంచి వచ్చిన వాగునీరైతే, మట్టి దిగిన తరువాత కూడా పలచని టీ రంగు మిగలవచ్చు. రాలిన ఆకులు, పుల్లలు, వేర్లు నేలలో కుళ్ళి, కాఫీపొడిలో నుంచి డికాషన్ దిగినట్లు, వాననీటిలోకి దిగిన సారమది. శాస్త్రజ్ఞులు దీన్ని ‘కరిగిన సేంద్రియ కర్బనం’ అంటారు. చాలా సన్నని వడపోత కాగితం గుండా పోయినా ఇది ఆగదు, నీటితోపాటే దిగిపోతుంది.

ఈ సారం చెడ్డదేమీ కాదు. వాగులోని సూక్ష్మజీవులకు అదే ఆహారం. వాటిని తిని పురుగులు, పురుగులను తిని చేపలు బతుకుతాయి. చిక్కు వచ్చేది ఆ నీరు పట్టణపు కుళాయికి చేరేటప్పుడు. 1974లో హాలెండు దేశపు రోటర్‌డాం నగరంలో రూక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఒక సంగతి బయటపెట్టాడు. నీటిలోని ఈ సారానికి క్లోరిన్ తగిలితే క్లోరోఫాం వంటి పదార్థాలు పుడతాయని, అవి మోతాదు మించితే ఏళ్ళ తరబడి తాగేవారికి మంచిది కాదని తెలిసింది. అలాగని క్లోరిన్ మానరాదు. మానితే కలరా, టైఫాయిడ్ తిరిగి వస్తాయి. క్లోరిన్ కలిపే ముందే ఆ సారాన్ని తగ్గించుకోవాలి. అందుకు అది ఎంత ఉందో, ఏటేటా పెరుగుతున్నదో తరుగుతున్నదో తెలియాలి.

ఇక్కడే చరిత్ర మొదలవుతుంది. బ్రిటన్‌లో కొండ ప్రాంతపు వాగులను, సరస్సులను 1988 నుంచి క్రమం తప్పకుండా పరీక్షిస్తూ వచ్చారు. పన్నెండేళ్ళ లెక్కలు తీసి చూస్తే ఈ కర్బనం 65 శాతం పెరిగిందని 2001లో తేలింది. నీరు ఏటేటా గోధుమరంగుకు తిరుగుతున్నది. ఎందుకు? భూమి వేడెక్కడమే కారణమని కొందరన్నారు. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగినందువల్ల అని మరికొందరన్నారు. కరువులని, భూమి వాడకం మారిందని ఇంకొందరన్నారు.

2007లో ఉత్తర ఐరోపా, ఉత్తర అమెరికాల్లోని 522 సరస్సులు, వాగుల రికార్డులను ఒకచోట చేర్చి చూశారు. అవి 1990 నుంచి 2004 వరకు రాసిపెట్టిన లెక్కలు. అప్పుడు తేలిన ప్రధాన కారణం ఎవరూ సులువుగా ఊహించేది కాదు. అంతకుముందు దశాబ్దాలపాటు బొగ్గుపొగలోని గంధకం ఆమ్లవర్షంగా కురిసింది. పాలలో నిమ్మరసం పడితే విరిగి గడ్డకట్టినట్లు, ఆ పులుపుకు నేలలోని సారం కరగకుండా నేలలోనే నిలిచిపోయింది. చట్టాలు వచ్చి పొగ తగ్గాక నేల పులుపు తగ్గింది, సారం మళ్ళీ కరగసాగింది. అంటే నీటి రంగు ముదరడం కొత్త జబ్బు కాదు, పాత జబ్బు నయమవుతున్న గుర్తు. నాలుగైదేళ్ళ లెక్కలు మాత్రమే ఉండి ఉంటే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

అసలు ఆమ్లవర్షం సంగతి బయటపడడానికీ ఇలాంటి రికార్డులే తోడ్పడ్డాయి. అమెరికాలోని హబ్బర్డ్ బ్రూక్ అనే అడవిలో 1963 నుంచి వాననీటిని, వాగునీటిని వారం వారం పట్టి పరీక్షిస్తున్నారు. తరాలు మారినా ఆ పని ఆగలేదు.

మరి మన వైపు సంగతి? బెంగళూరులో మనవాళ్ళు టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే భారతీయ విజ్ఞాన సంస్థలో, ఫ్రెంచి శాస్త్రజ్ఞులతో కలిసి 2001లో ఒక జలపరిశోధన విభాగం ఏర్పడింది. కేరళ సరిహద్దు దగ్గర బందీపూర్ అడవిలో మూలెహొళె అనే చిన్న వాగును వారు ఎంచుకున్నారు. హొళె అంటే కన్నడంలో ఏరు. దానికి నీరు చేరే ప్రాంతమంతా కలిపి 4 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. 2003 నుంచి అక్కడ వానను, వాగును, భూగర్భజలాన్ని కొలవసాగారు. కురిసిన వానలో ఎక్కువ భాగం చెట్ల ద్వారా మళ్ళీ ఆకాశానికే పోతుందని, వాగు వానాకాలంలో మాత్రమే పారుతుందని ఆ కొలతలు చూపాయి. చలిదేశపు వాగుల కథను ఇలాంటి వాగుకు తగిలించలేం. అడవి కూడా ఒకేలా ఉండదు. లాంటానా పొదలు బందీపూర్‌ను అల్లుకుపోయాయి. 2019 ఫిబ్రవరిలో పెద్ద కార్చిచ్చు వచ్చింది. రాలే ఆకు మారితే వాగులో దిగే సారమూ మారుతుంది. దాన్ని పట్టుకోవాలంటే దశాబ్దాల పుస్తకం కావాలి.

కోలారులో, చిక్కబళ్ళాపురంలో ఉన్న మనకు ఆ అడవి ఎక్కడో దూరాన ఉందనిపించవచ్చు. మూలెహొళె నుగు ఏటిలో కలుస్తుంది. నుగు కబినిలో, కబిని తిరుమకూడలు నరసీపురం దగ్గర కావేరిలో కలుస్తాయి. శివనసముద్రం దగ్గర ఎత్తిన కావేరి నీరు, 1974 నుంచి, సుమారు 100 కిలోమీటర్లు పయనించి బెంగళూరు చేరుతున్నది. నగరం వాడి వదిలిన మురుగును కోరమంగల–చల్లఘట్ట లోయలో శుద్ధి చేసి, 2018 నుంచి కోలారు చెరువులకు పంపుతున్నారు. తాగడానికి కాదు, భూగర్భజలం పెరగడానికి. అంటే ఆ అడవివాగు నీటికి చివరి మజిలీ మన చెరువే. అడవిసారం మీద నగరపు మురుగు సారం కూడా కలిసి వచ్చిన నీరు మన నేలలో ఇంకి, మన బోరుబావుల వైపు నడుస్తున్నది.

కనుక మనం అడగవలసింది ఒకటుంది. చెరువుకు ఎంత నీరు వచ్చిందని మాత్రమే కాదు, ఆ నీటిలో ఏముందో క్రమంగా పరీక్షించి, ఏటేటా రాసి, ఊరివారందరూ చదివేలా ఉంచాలని అడగాలి. బడిపిల్లలు సైతం తమ వంతు చేయవచ్చు. వాన మొదలైనప్పుడు, వాన వెనకబడినప్పుడు ఒక గాజుసీసాలో నీరు పట్టి, తెల్లకాగితం ముందు పెట్టి, రంగును, వాసనను, తేదీతో సహా రాయవచ్చు. అది ప్రయోగశాల పరీక్షకు బదులు కాదు. కానీ ఫలానా ఏడు నీరు మారిందని చెప్పగలిగే సాక్ష్యం అవుతుంది. మన పూర్వులు చెరువు కట్టినవారి పేరును శిలాశాసనంలో చెక్కించారు. చెరువు నీటి గుణాన్ని నోటుపుస్తకంలో రాసిపెట్టడం మన తరం చేయవలసిన పని.