బైబిలు దెబ్బ తిన్న బుడిపె

ఇంగ్లండులో, అమెరికాలో ఒకప్పుడు దాదాపు ప్రతి ఇంట్లోనూ దొరికే బరువైన పుస్తకం బైబిలు. మణికట్టు వెనక గోలీకాయంత బుడిపె లేచిన మనిషి చేతిని బల్ల మీద ఆనించి, బుడిపె బాగా పైకి ఉబికేలా మణికట్టు వంచి పట్టుకునేవాడు. ఇంట్లో ఇంకొకరు ఆ గట్టి అట్టల పుస్తకంతో ఒక్క దెబ్బ వేసేవారు. చర్మం కింద తిత్తి చిట్లి, బుడిపె అక్కడికక్కడే అణిగిపోయేది. అందుకే ఆ గడ్డకు ఇంగ్లిషులో ‘బైబిల్ బంప్’ అన్న పేరు నిలిచిపోయింది.

వైద్యులు దాన్ని గ్యాంగ్లియన్ అంటారు. చేతిలో, మణికట్టులో వచ్చే గడ్డల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. ఇది క్యాన్సర్ కాదు. అయినా రెండు వేల ఏళ్లకు పైగా మనుషులు దీన్ని రుద్దారు, నొక్కారు, పగలగొట్టారు.

గ్రీకులో గ్యాంగ్లియన్ అంటే ముడి. హిప్పోక్రటీస్ పేరు మీద వచ్చిన గ్రంథాల్లోనే, జిగురు పదార్థం నిండిన ముడులుగా వీటి ప్రస్తావన ఉంది. తర్వాత గాలెన్ నరాల మీద కనిపించే ముడులకూ అదే మాట వాడాడు. రెండింటికీ ఒకే పేరు స్థిరపడింది గానీ, మణికట్టు మీది గడ్డ నరం ముడిపడి వచ్చేది కాదు. నరం ముడిపడిందేమోనన్న భయం మాత్రం చాలామందిలో ఇప్పటికీ ఉంది.

18వ శతాబ్దపు పేరున్న జర్మన్ సర్జన్ లోరెంజ్ హైస్టర్. ఆయన శస్త్రచికిత్స గ్రంథం 1743లో ఇంగ్లిషులోకి వచ్చింది. అందులో ఈ గడ్డకు చెప్పిన వైద్యం ఇది: రోజూ పొద్దున్నే పాచినోటి ఉమ్మితో బుడిపెను బాగా రుద్ది, దాని మీద సీసపు రేకు పెట్టి వారాల తరబడి కట్టు కట్టాలి. అడవి జంతువును, ముఖ్యంగా దుప్పిని చంపిన తూటా కడితే మరీ మంచిదనేవాళ్లు ఉన్నారని కూడా ఆయన రాశాడు. తూటా సంగతి నమ్మకమే. సీసపు రేకు వెనక మాత్రం అనుభవం ఉంది. సీసం మెత్తని లోహం. మణికట్టు వంపుకు అతుక్కుని, గడ్డను ఎడతెగకుండా నొక్కుతూ ఉంటుంది.

అప్పటి వైద్యులు ఈ గడ్డ మీద కత్తి పట్టకపోవడానికి బలమైన కారణమే ఉంది. ఈథర్ మత్తుమందు ఆపరేషన్లలోకి వచ్చింది 1846లో. గాయం చీము పట్టకుండా చూసే పద్ధతిని జోసెఫ్ లిస్టర్ వెల్లడించింది 1867లో. అంతకుముందు మణికట్టు తెరిస్తే కీలు కుళ్లి చెయ్యి పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. ఆ కాలంలో పై నుంచి కొట్టడమే తక్కువ ప్రమాదం.

దెబ్బకు అణిగిన బుడిపె కొన్నాళ్లకు మళ్లీ ఎందుకు లేస్తుంది? లోపలిది గుడ్డు తెల్లసొనలాంటి చిక్కని, పారదర్శకమైన జిగురు. చీకటి గదిలో టార్చి ఆనిస్తే గడ్డ గుండా వెలుతురు కనిపిస్తుంది. తిత్తి పగిలితే ఆ జిగురు చుట్టూ ఉన్న కణజాలంలోకి చేరి ఇంకిపోతుంది. గడ్డ వేరు మాత్రం లోపలే ఉంటుంది.

ఆ వేరు ఎక్కడుందో తెలియడానికి చాలా కాలం పట్టింది. కీలు తొడుగు చిరిగి బయటికి ఉబికి వస్తుందని తొలినాళ్ల వైద్యులు అనుకున్నారు. 1893లో లెడర్‌హోజ్, 1928లో కార్ప్, స్టౌట్ కణజాలమే క్షీణించి జిగురుగా మారుతుందని వాదించారు. 1976లో ఏంజెలిడెస్, వాలెస్ మణికట్టు వెనక గడ్డకు సన్నని కాడ ఉంటుందనీ, అది స్కాఫాయిడ్, లూనేట్ ఎముకలను కలిపే లిగమెంటు దగ్గర మొదలవుతుందనీ చూపించారు. కాడతో సహా తీసేస్తే వాళ్ల రోగుల్లో గడ్డ తిరిగి రావడం చాలా అరుదైంది. అసలు పుట్టడానికి కారణమేమిటన్నది ఇంకా పూర్తిగా తేలలేదు.

వైద్యుల ఆలోచనను మలుపు తిప్పింది మాత్రం లెక్కలు. ఇంగ్లండులోని లెస్టర్‌లో డయాస్ బృందం మణికట్టు వెనక గడ్డలున్న 236 మందిని సుమారు ఆరేళ్ల తర్వాత పరిశీలించి, 2007లో ఫలితాలు ప్రచురించింది. సూదితో జిగురు తీయించుకున్నవాళ్లలో 58 శాతం మందికి, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 39 శాతం మందికి గడ్డ మళ్లీ వచ్చింది. ఏమీ చేయించుకోనివాళ్లలో చాలామందికి దానంతటదే పోయింది. పిల్లల మీద 1989లో వచ్చిన పరిశీలనలోనూ 29 గడ్డల్లో 22 వైద్యం లేకుండానే మాయమయ్యాయి.

నొప్పి, పట్టు తగ్గడం, తిమ్మిరి ఉంటే సూదికీ ఆపరేషన్‌కూ ఇప్పటికీ చోటుంది. మణికట్టు లోపలి వైపు గడ్డ తరచుగా నాడి చూసే రక్తనాళాన్ని ఆనుకునే ఉంటుంది కాబట్టి అక్కడ మరింత జాగ్రత్త కావాలి. పుస్తకంతోగానీ మరి దేనితోగానీ కొట్టకండి, ఎముకకు దెబ్బ తగలవచ్చు. ఒకసారి వైద్యుడికి చూపించి అది గ్యాంగ్లియనేనని తేల్చుకోండి. బాధ పెట్టకపోతే దాన్ని అలాగే వదిలేయవచ్చు.