ప్రభుత్వ సేవల యాప్‌లు: పౌరుల ఆదరణ

ప్రభుత్వ సేవలను ఫోన్‌లో పొందడానికి పౌరులు ముందుకు రావడం ప్రధానంగా ప్రయోజనం, సులువు, నమ్మకం అనే మూడింటిపై ఆధారపడుతుంది. మొదటి రెండింటి ప్రాధాన్యాన్ని అమెరికన్ పరిశోధకుడు ఫ్రెడ్ డేవిస్ 1989లో ప్రతిపాదించాడు.

ప్రభుత్వ సేవల్లో మాత్రం నమ్మకానిదే పెద్దపీట. ఓటీపీ మోసాల గురించి విన్నవారు ఆధార్ నంబరు నమోదు చేయడానికి వెనకాడతారు. దరఖాస్తు ఎక్కడ ఆగిందో తెలియకపోతే మళ్లీ కార్యాలయం మెట్లెక్కుతారు. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన మీసేవ కేంద్రాల్లో ఆపరేటరు వివరాలు నమోదు చేసి రసీదు చేతికిస్తాడు. కుల ధ్రువీకరణ పత్రంలో ఇంటిపేరు తప్పుపడితే అడగడానికి ఎదురుగా ఒక మనిషి ఉంటాడు. యాప్‌లు ఎక్కువగా తడబడేది ఈ భరోసా ఇవ్వలేకే.

ఇలాంటి యాప్‌లుగా కేంద్రం 2017లో ఉమంగ్‌ను, తెలంగాణ 2018లో టీ యాప్ ఫోలియోను తెచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 2025 జనవరి 30న ‘మన మిత్ర’ను 161 సేవలతో వాట్సాప్‌లోనే ప్రారంభించింది. కొత్త యాప్ డౌన్‌లోడ్ చేసుకోనక్కర్లేదు. రోజూ వాడే చాట్‌లోనే పని జరుగుతుంది. సులువు విషయంలో ఇది సరైన అడుగు. అయితే చదవడం రానివారికి, సొంత ఫోన్ లేని మహిళలకు ఇదీ చాలదు. వారికోసం సేవా కేంద్రాలు కొనసాగాల్సిందే.